ఎయిర్ రైఫిల్ కొందామనుకుంటున్నాను: లైసెన్సు కావాలా, తోటలో కోతులకి పనికొస్తుందా?

మీ ప్రశ్నలో రెండు కోరికలు కలిసిపోయాయి. పలాస దగ్గర మీ జీడితోట మీద కోతులు పడుతున్నాయి, వాటిని తోలాలి. చిన్నప్పటి నుంచీ గురి చూసి కొట్టే సరదా ఉంది, అదీ తీరాలి. ఒక్క ఎయిర్ రైఫిల్‌తో రెండు పనులూ అయిపోతాయా, లైసెన్సు కావాలా, ఎంతలో కొనాలి అని అడిగారు. సరదా కోసమైతే నిక్షేపంగా కొనండి. కోతుల కోసమైతే వద్దు.

మాది విజయనగరం. నేను మొదటిసారి తుపాకీ పట్టింది పైడితల్లమ్మ జాతరలో. సిరిమానోత్సవానికి మూడు లాంతర్ల చుట్టుపక్కల బజారంతా కిటకిటలాడుతుంటే, ఓ మూల చెక్కకి వరసగా బెలూన్లు కట్టి, బల్ల మీద తుపాకీ పెట్టుకుని కూర్చునేవాడు ఒకాయన. ఆ తుపాకీ ఎడమకి లాగేది. ఆ సంగతి కనిపెట్టడానికి నాకు రెండు జాతరలు పట్టింది. మూడో ఏడు బెలూన్‌కి నాలుగు వేళ్ళు కుడిపక్కకి గురిపెట్టి వరసగా తొమ్మిది పేల్చేశాను. "సాలు బావూ, మరి గుళ్ళు లేవు, ఎల్లు" అన్నాడాయన. డబ్బా నిండా ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను.

ఉద్యోగం వచ్చాక సొంతానికి ఒకటి కొన్నాను. బారెల్‌ని మడిచి స్ప్రింగు బిగించే రకం, 0.177 బోరు, అంటే బారెల్ లోపలి రంధ్రం వెడల్పు 0.177 అంగుళం, 4.5 మిల్లీమీటర్లు. అప్పట్లో నాకు పదకొండు వేల చిల్లర అయింది. జాతరలో తొమ్మిది కొట్టినవాణ్ణి కదా, ఇదెంత అనుకున్నాను. పది మీటర్ల నుంచి అట్టముక్క మీద పది గుళ్ళు కొడితే ఇడ్లీ రేకంత మేర చెదిరిపోయాయి. రెండు నెలలు అదే వరస. తుపాకీ బాగోలేదని, గురి కోసం పైన బిగించిన టెలిస్కోపు బాగోలేదని, గుళ్ళు బాగోలేవని అన్నింటినీ తిట్టాను. తప్పు నా పట్టులో ఉంది.

స్ప్రింగు తుపాకీ పేలినప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు తంతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు లోపలి పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, దాంతో తుపాకీ వెనక్కి జరుగుతుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర నలిగిన గాలికి కొట్టుకుని ఆగేసరికి తుపాకీ ముందుకి తూలుతుంది. గుండు ఇంకా బారెల్ దాటకుండానే ఈ ఊగులాట మొదలైపోతుంది. మనం గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కో దెబ్బకి ఒక్కోలా ఊగుతుంది, గుళ్ళు తలో దిక్కూ పోతాయి. ఎడమ అరచేతిని పళ్ళెంలా చాచి, తుపాకీని దాని మీద ఊరికే ఆనించి, భుజానికి తగిలీ తగలనట్టు పెట్టి, దాని ఊగులాట దాన్ని ఊగనివ్వాలి. చంటిబిడ్డని ఎత్తుకున్నట్టే. నేనలా చేసిన మొదటి సాయంత్రమే ఐదు గుళ్ళు పది రూపాయల బిళ్ళ కింద దాగిపోయాయి. ఆ అట్టముక్క ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మా ఆవిడ రెండుసార్లు చెత్తలో పడేస్తే రెండుసార్లూ తీసి దాచాను.

మామూలు టెలిస్కోపు ఈ ముందూవెనకల కుదుపుకి నిలవదు. నా మొదటిదాంట్లో గురి గీతలు నెలకే వదులై పక్కకి వాలిపోయాయి. స్ప్రింగు తుపాకీ కోసమే చేసినదా అని అడిగి మరీ తీసుకోండి, లేదా మొదటి ఆరు నెలలూ తుపాకీకి ఉన్న గురిముక్కలతోనే కొట్టండి. నా ఓటు రెండోదానికి.

ఇక లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం బోరు 0.177 అంగుళానికి మించకూడదు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు, అంటే 15 ఫుట్‌పౌండ్లు దాటకూడదు. ఈ రెండిటి లోపల ఉంటే లైసెన్సు అక్కర్లేదు. 0.22 బోరు అయితే కావాలి. "అదే ఎయిర్ గన్నే కదా, ఏటవుతాది" అని ఎవరైనా 0.22 అంటగడితే తీసుకోకండి. శక్తి మీరే లెక్కేసుకోవచ్చు: గ్రెయిన్లలో (గుళ్ళ బరువుకి వాడే చిన్న కొలత) గుండు బరువుని, సెకనుకి అడుగుల్లో వేగం వర్గంతో గుణించి 4,50,240తో భాగిస్తే ఫుట్‌పౌండ్లు వస్తాయి. 8 గ్రెయిన్ల గుండు 700 అడుగుల వేగంతో వెళ్తే 8.7 వస్తుంది, హద్దుకి చాలా కింద. అదే గుండు 1,000 అడుగులతో వెళ్తే 17 దాటిపోతుంది. డబ్బా మీద వెయ్యి అడుగులని గొప్పగా రాసుంటే ఏ బరువు గుండుతో కొలిచారని అడగండి. చాలాసార్లు అది తేలికపాటి గుండుతో వచ్చిన అంకె. కాగితం కొట్టడానికి ఆ వేగం అసలు అక్కర్లేదు, పోటీల్లో వాడే రైఫిళ్ళే 600 అడుగుల లోపు ఉంటాయి.

కొన్నప్పుడు నన్ను ఆధార్ కాపీ అడిగారు, ఇచ్చాను. బిల్లు మాత్రం ప్రాణంలా దాచుకోండి. నేనోసారి సంచిలో పెట్టుకుని పార్వతీపురం వైపు వెళ్తుంటే తనిఖీలో ఆపారు. మనది ఒడిశా సరిహద్దు, పొడుగు సంచి చూస్తే అడక్క ఏం చేస్తారు? బిల్లు చూపించి, 0.177 అని బారెల్ మీద ముద్ర చూపిస్తే ఐదు నిమిషాల్లో వదిలేశారు. వాళ్ళలో ఒకాయన "ఎంత దూరం కొడతాది?" అని సరదాగా అడిగాడు కూడా. సంచి లేకుండా బండి వెనక కట్టుకుని మాత్రం తిరగొద్దు.

కొనేముందు మీ పెరట్లో నిలబడి ఒక్కటి చూసుకోండి: గుండు ఎక్కడ ఆగుతుంది? పది మీటర్లలో కాగితాన్ని చించుకుపోయిన గుండు, ఆపేది లేకపోతే రెండు వందల మీటర్ల పైనే పోతుంది. నా అనుభవం చెప్తాను. చీపురుపల్లి దగ్గర మా చిన్నాన్నగారి పశువులశాల వెనక ఎండిన చింతమొద్దు ఉండేది. మొద్దు కదా, గుండు దిగిపోతుందనుకుని దానికి కాగితం అంటించి ఎనిమిది మీటర్ల నుంచి కొట్టాను. మూడో గుండు దిగలేదు. టక్కున తగిలి తిన్నగా వెనక్కొచ్చి నా కళ్ళజోడు కుడి అద్దం మీద పడింది. అద్దం నక్షత్రంలా పగిలింది. నాకు చూపు సైటు కాబట్టి జోడు ఉంది, లేకపోతే ఆ కన్ను ఉండేది కాదు. చిన్నాన్న వచ్చి చూసి ఏమీ అనలేదు. మొద్దుని ఆ సాయంత్రమే చీల్చి పొయ్యిలోకి పంపేశాడు.

ఇప్పుడు మందపాటి చెక్కపెట్టెలో పాతబట్టలు గట్టిగా కూరి, దాని వెనక రెండు వరసల ఇసకబస్తాలు పేర్చుకున్నాను. ఆ వెనక మట్టిగోడ. కొట్టేవాడికీ, పక్కన చూసేవాడికీ కళ్ళజోడు. ఇనప గోళీలతో కొట్టొద్దు. రాయి, ఎండు దుంగ, సీసాలు, వీటి మీదా కొట్టొద్దు.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. బారెల్ మడిచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్‌ని పట్టుకునే ఉండండి, ట్రిగ్గర్ జారితే అది ఎగిరి మూసుకుని వేళ్ళు విరిచేస్తుంది. గుండు లేకుండా ఖాళీగా పేల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది. స్ప్రింగు బిగించి అలాగే ఉంచేయొద్దు. కుట్టుమిషన్ నూనె పోయొద్దు, నలిగిన గాలి వేడికి లోపలే అంటుకుని పొగ, పెద్ద చప్పుడు వస్తాయి. గుళ్ళు సీసంతో చేసినవి, చేతులు కడుక్కోకుండా చేగోడీలు తినొద్దు. ఇంట్లో పిల్లలుంటే తాళం తప్పనిసరి.

కోతుల సంగతికొద్దాం. మీ బాధ నాకు తెలుసు, మా చిన్నాన్న తోటలో కూడా అవి లేత పిందెలు కూడా వదలవు. కానీ ఎయిర్ గన్ గుండు కోతిని తరమదు, అక్కడికక్కడే చంపదు. చర్మం కింద దిగి ఉండిపోతుంది, పుండవుతుంది, అది మూల్గుతూ తిరుగుతుంది. మంద మాత్రం మర్నాడు మళ్ళీ వస్తుంది. 1960 జంతుహింస నివారణ చట్టం ఏ జంతువుకైనా వర్తిస్తుంది. పిట్టల సంగతి ఇంకా గట్టిది, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. మీ శ్రీకాకుళం జిల్లాలో ఇది చెప్పాల్సిన పనే లేదనుకోండి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టే కొంగల్ని, గూడబాతుల్ని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే జనం మనవాళ్ళు. నేనొకసారి కోతి వైపు ఊరికే బారెల్ ఎత్తానో లేదో, "ఆంజనేయసామిరా బాబూ, దించు" అని చిన్నాన్న చెయ్యి పట్టేసుకున్నాడు. ఆయన ఆయుధం రెండు కుక్కలు, ఒక తగరపు డబ్బా. పిందె కాలంలో మనిషిని పెట్టుకుంటాడు. ఖర్చే, కానీ అదే పనిచేస్తోంది.

మీ సరదాకి మాత్రం చోటుంది. తోటలో పది మీటర్లు కొలిచి రెండు మేకులు పాతండి. ఒలింపిక్స్‌లో ఆ దూరం నుంచే కొడతారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచిన ఆట అదే. ఆ లక్ష్యం మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, మధ్యలో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. పలాసలో జిరాక్సు షాపువాడికి కొలత చెప్పి పాతిక కాగితాలు తీయించుకోండి. నాకు ఆరేళ్ళలో ఆ చుక్క మీద పడిన గుళ్ళు ఎన్నో తెలుసా? పదిహేడు. తేదీలతో సహా రాసుకున్నాను. మీ మొదటి కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఇడ్లీ రేకంత చెదిరినా సరే.