పోర్ట్‌ఫోలియోలో అన్నీ పోర్ట్రెయిట్లే ఉంటే ఎలా?

ఇలస్ట్రేషన్ డిగ్రీకి పంపే పోర్ట్‌ఫోలియోలో అన్నీ ఫొటోలు చూసి వేసిన పోర్ట్రెయిట్లే అని టెన్షన్ పడుతున్నారు కదా. బాగా కుదిరిన రెండు ఉంచి మిగతావి తీసేయండి. చెయ్యి తిరిగిందని చూపడానికి అవి చాలు. ఎంపిక చేసేవాళ్లకు మీ ఆలోచన ఎలా నడిచిందో కూడా కనబడాలి.

చిన్న సంఘటన తీసుకోండి, బస్సు తప్పిపోవడం లాంటిదైనా సరే. అగ్గిపెట్టెంత గడుల్లో పది పన్నెండు చిత్తు కంపోజిషన్లు గీయండి: ఒకదాంట్లో వెళ్లిపోతున్న బస్సే పెద్దగా, ఇంకోదాంట్లో పరిగెత్తే కాళ్లు మాత్రమే. ఒకటి పూర్తి చేసి, ఆ చిత్తు పేజీని కూడా పక్కనే పెట్టండి. కొట్టివేతలు ఉన్నా పరవాలేదు, నిజానికి ఉంటేనే మంచిది. ఎదురుగా మనుషుల్ని చూసి గబగబా వేసిన స్కెచ్‌బుక్ పేజీలు కొన్ని కలపండి.

ప్రింట్ అడిగితే ఫైల్ 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) ఉంచండి. ఎన్ని బొమ్మలు పంపాలన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది, ముందు అది చూసుకోండి.