జి6పిడి లోపం ఇన్ని తరాలుగా ఎందుకు పోలేదు?

మీ ప్రశ్న: బెజవాడలో తమ్ముడికి వైవాక్స్ రకం మలేరియా, దానికి వాడే ప్రైమాక్విన్ మాత్రలు ఇచ్చే ముందు టెస్ట్ చేస్తే జి6పిడి లోపం బయటపడింది. ఇంత ఇబ్బంది పెట్టే జన్యులోపం ఎలా మిగిలింది?

మలేరియా వల్లే మిగిలింది! జి6పిడి ఎర్ర రక్తకణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడే ఎంజైమ్. అది తక్కువున్న కణంలో మలేరియా క్రిమి సరిగ్గా పెరగలేదు. మలేరియా విరుచుకుపడే చోట్ల ఈ లోపమున్నవాళ్లు కాస్త ఎక్కువగా బతికి బట్టకట్టారు, అది పిల్లలకూ అందింది. నాకు ఆశ్చర్యమనిపించేది ఇంకోటి. ఒకే మార్పు అంతటా పాకలేదు. ఆఫ్రికాలో ఎ-మైనస్, మధ్యధరా తీరంలో మెడిటరేనియన్, మన దేశంలో ఒరిస్సా అనే రకం, ఇలా అదే జన్యువు వేర్వేరు చోట్ల విడివిడిగా మారింది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి లోపం వాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది. మీ తమ్ముడికి వచ్చింది అమ్మ వైపు నుంచే, నాన్నకు సంబంధం లేదు.

ప్రైమాక్విన్ మామూలు మోతాదులో వేస్తే ఎర్రకణాలు పగిలి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారొచ్చు. డాక్టర్‌ను అడగకుండా ఒక్క మాత్ర కూడా వెయ్యకండి. అన్నట్టు, బీరువాలో కలరా ఉండలుంటే తీసేయండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ కూడా ఈ లోపమున్నవాళ్లకు పడదు.