ధర సంగతి తర్వాత

చి. సుధకు,

సిగరెట్ కార్డుల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మున్న కార్డు వేలంలో ఎన్ని కోట్లు పలికిందన్నదే. నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యం: ఇంగ్లండ్‌లో పిల్లలు దుకాణాల ముందు కాపు కాసి, సిగరెట్లు కొన్నవాళ్లను "కార్డుందా బాబాయ్?" అని అడిగేవాళ్లని. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వేమో ఆ పిల్లవాణ్ణి అక్కడే వదిలేసి మళ్లీ వేలంపాటకే పోయావు!

ఈ వ్యాసం ఆ పిల్లవాడిదమ్మా. సిగరెట్ కార్డంటే, మెత్తటి కాగితం ప్యాకెట్లో సిగరెట్లు నలిగిపోకుండా పెట్టిన అట్టముక్క. 1880ల్లో బాన్సాక్ యంత్రం రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చుట్టి పోస్తుంటే, అన్నీ అమ్ముడుపోవాలి కదా. అమెరికాలో అలెన్ అండ్ గింటర్ సిగరెట్ కంపెనీ వాళ్లు ఆ అట్ట మీద బొమ్మలేశారు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ విల్స్, నాటింగ్‌హామ్ ప్లేయర్స్ కంపెనీలూ అదే దారి పట్టాయి. కార్డు వెనక్కి తిప్పు, నంబరుంటుంది. సెట్టు సాధారణంగా 50. 49 దొరికినవాడికి నిద్ర పడుతుందా? నాన్నను బ్రాండు మారనిస్తాడా? పొగ తాగని పిల్లవాడి చేతే సరుకు అమ్మించారు. ఇది రాయకుండా "వినియోగ సంస్కృతి" అని పెద్దమాట వేస్తే ఏం లాభం?

చీరాలలో మేము ఖాళీ సిగరెట్ పెట్టెల అట్టలు చించి, గిరిలో పేర్చి, రాతిబిళ్లతో కొట్టేవాళ్లం. చార్మినార్ అట్టలు కుప్పలు. సిజర్స్ అట్ట కోసం ఒకాయన వెనకే స్టేషన్ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ఆయన ఆఖరి సిగరెట్ ముట్టించి, పెట్టె నలిపి పట్టాల మీద పడేశాడు. బండి వచ్చేస్తోంది. అలాగే నిలబడిపోయాను. ఇది కథగా పంపితే ఓ వారపత్రిక సంపాదకుడు ఆ నడకంతా కొట్టేసి, పాత అట్టలు ఇప్పుడెంత ధర పలుకుతాయో రాయమన్నాడు. నలభై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు.

ఇలాంటి కార్డులు కూడబెట్టిన అమెరికా ఆయన జెఫర్సన్ బర్డిక్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. కీళ్లవాతంతో బాధపడుతూనే, మూడు లక్షలకు పైగా కార్డులూ కాగితాలూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఊరికే ఇచ్చేశాడు. వాటిని తన చేత్తోనే ఆల్బముల్లో అతికించి, 1963లో ఆ పని ముగించిన కొద్ది నెలల్లోపే పోయాడు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ పిల్లవాణ్ణి 1938 దాకా నడిపించు. ఆ ఏడాది విల్స్ వాళ్లు వైమానిక దాడుల జాగ్రత్తలను కార్డులుగా వేశారు. గ్యాస్ మాస్కు బొమ్మ వాడి చొక్కా జేబులోకొచ్చింది. 1940లో యుద్ధం వల్ల కాగితం కరువై కార్డులు ఆగిపోయాయి. ఆ రోజుల్లో పిల్లలుగా ఉన్నవాళ్ల జ్ఞాపకాలు వెతుకు. కార్డు లేని ప్యాకెట్ మొదటిసారి చూసి దుకాణం ముందు ఏం చేశారో రాసి నాకు పంపు.

మీ మాస్టారు