మోటారు ఎంచుకునే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. ప్రాజెక్టు చక్రం నిమిషానికి 300 చుట్లు తిరగాలి, అందుకని టార్క్ (తిప్పే బలం) బాగా ఎక్కువున్న మోటారు కొంటానంటున్నావు. తొందరపడకు. టార్క్ చేసే పని వేగాన్ని మార్చడం. ఎంత వేగం దగ్గర నిలుస్తుందన్నది వేరే లెక్క.

ముందు చక్రాన్ని చూడు. 8 కిలోల పళ్లెం, వ్యాసార్థం 25 సెంటీమీటర్లు. జడత్వ భ్రామకం, అంటే తిరిగే వేగం మారకుండా చక్రం మొండికేసే కొలత, 0.25 కిలోగ్రామ్ మీటర్ స్క్వేర్ వస్తుంది. మోటారు 2 న్యూటన్ మీటర్లు ఇస్తే, బేరింగుల ఘర్షణ 0.5 తినేస్తుందనుకో. చక్రానికి దక్కేది ఒకటిన్నరే. దాన్ని 0.25తో భాగిస్తే కోణీయ త్వరణం 6, అంటే తిరిగే వేగం ప్రతి సెకనులోనూ సెకనుకి 6 రేడియన్లు పెరుగుతుంది. నిమిషానికి 300 చుట్లంటే సెకనుకి 31.4 రేడియన్లు, కాబట్టి సుమారు 5.2 సెకన్లలో చేరాలి. అదే 8 కిలోలూ అంచు మీదే ఉండే రింగైతే జడత్వ భ్రామకం రెట్టింపు, పట్టే సమయమూ రెట్టింపే.

ఘర్షణని మాత్రం మర్చిపోకు. పుస్తకాల లెక్కల్లో దాన్ని వదిలేసి వదిలేసి పిల్లలకి అదే అలవాటవుతుంది.

ఇక అసలు చిక్కు. పైన మోటారు ఎప్పుడూ 2 ఇస్తుందనుకున్నాం. శాశ్వత అయస్కాంతం ఉన్న మామూలు డీసీ మోటారు అలా ఇవ్వదు. కదలకుండా ఉన్నప్పుడు టార్క్ అత్యధికం, దాన్నే స్టాల్ టార్క్ అంటారు. వేగం పెరిగేకొద్దీ అది తగ్గుతూ నో-లోడ్ స్పీడ్ (ఏ భారమూ లేనప్పుడు తిరిగే వేగం) దగ్గర సున్నా అవుతుంది. డేటాషీట్‌లో (మోటారు వివరాల కాగితంలో) ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి కానీ రెండూ ఒకేసారి దొరకవు. అమ్మేవాళ్లు ఈ మాట పెద్ద అక్షరాల్లో వెయ్యరులే!

స్టాల్ టార్క్ 2 న్యూటన్ మీటర్లు, నో-లోడ్ స్పీడ్ నిమిషానికి 400 చుట్లు ఉన్న మోటారు 300 దగ్గర ఇచ్చేది 0.5. ఘర్షణా అంతే. మిగిలేది సున్నా కాబట్టి వేగం ఇక పెరగదు, తగ్గదు, చక్రం అక్కడే స్థిరంగా తిరుగుతుంది. కాకపోతే 300కి దగ్గరయ్యేకొద్దీ మిగులు టార్క్ కరిగిపోతుంది. అందుకే 5.2 సెకన్లకి సుమారు 190 చుట్ల దగ్గరే ఉంటుంది, 285 చేరడానికి పదిహేను సెకన్లు దాటుతుంది. నువ్వు మనసుపడ్డ రెండో మోటారుకి స్టాల్ టార్క్ 4 ఉన్నా నో-లోడ్ స్పీడ్ 250 మాత్రమే. దాంతో ఎంతసేపు తిప్పినా 300 రాదు.

కనుక నో-లోడ్ స్పీడ్ 450కి తగ్గకుండా చూసుకో, 300 దగ్గర ఆపడానికి స్పీడ్ కంట్రోలర్ పెట్టు. చిన్న మోటారే ఉండి వేగం మరీ ఎక్కువైతే గేర్లు వాడొచ్చు. మూడింట ఒక వంతుకి వేగం తగ్గించావంటే టార్క్ దాదాపు మూడు రెట్లవుతుంది, కొంత గేర్లలోనే పోతుంది.

చక్రాన్ని చేత్తో పట్టి ఆపి స్టాల్ టార్క్ కొలుద్దామనుకోకు. చెయ్యి సంగతి అలా ఉంచు, మోటారు లోపలి తీగచుట్ట (కాయిల్) కూడా కాలిపోవచ్చు. డబ్బు కట్టే ముందు డేటాషీట్ నాకు పంపించు.

మీ పెదనాన్న