కంపైలర్‌కు చందా ఎందుకు?

ప్రశ్న: నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. తీరిక దొరికినప్పుడు జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటుంటాను. దాని కంపైలర్ (రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ఉచితంగానే దొరుకుతున్నా, అభివృద్ధి కోసం విరాళాలు అడుగుతున్నారు. నెలకు వెయ్యి రూపాయలు పంపుదామనుకుంటే, ‘ఊరికే ఇవ్వడమెందుకు? నీకు కావలసిన సదుపాయానికి ఇంత అని వెల కట్టి, దాన్ని చేసిపెట్టినవారికే ఇవ్వు’ అని నా సహోద్యోగి అంటున్నాడు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ సహోద్యోగి చెప్పిన పద్ధతిని బౌంటీ అంటారు. అది పనికిరానిదేమీ కాదు, అయితే మొదలూ తుదీ స్పష్టంగా తెలిసిన పనులకే అది నప్పుతుంది. సీ వంటి భాషలకు వాడే జీసీసీ కంపైలర్‌లో ఒక పాత అంతర్గత పద్ధతిని తొలగించదలచి, కొత్త పద్ధతికి మారని ప్రాసెసర్ల మద్దతును ఎత్తివేస్తామని దాని నిర్వాహకులు ప్రకటించినప్పుడు, అమీగా, అటారీ వంటి పాత కంప్యూటర్లలో ఉండే మోటరోలా 68000 కుటుంబం కూడా ఆ జాబితాలో చేరింది. ఆ యంత్రాల అభిమానులు తలా కొంత వేసుకుని బౌంటీ ప్రకటించగా, అనుభవజ్ఞుడైన ఒక డెవలపర్ 2019లో ఆ మార్పు పూర్తిచేశారు. ఏం చేయాలో ముందే తెలుసు, అయిందో లేదో తేల్చడానికి పరీక్షలూ ఉన్నాయి కనుక ఆ లెక్క కుదిరింది.

ఒక భాషకు కొత్త సదుపాయం చేర్చడం అలాంటిది కాదు. కంపైలర్ మనం రాసినదాన్ని చదివి, డేటా రకాలను సరిచూసి, మెరుగుపరచి, చివరకు యంత్రభాషలోకి మారుస్తుంది. ఒక్క సదుపాయం చేర్చితే ఈ దశలన్నిటిలోనూ చెయ్యి పెట్టవలసివస్తుంది. డబ్బు తీసుకుని రాసిన వ్యక్తి మరో బౌంటీకి వెళ్ళిపోతే, ఆ కోడ్‌లో బయటపడే దోషాలను ఏళ్ళ తరబడి సరిదిద్దే భారం జీతం లేని నిర్వాహకులపై పడుతుంది. పైగా ఒకే బౌంటీ కోసం ఇద్దరు విడివిడిగా రాస్తే ఒకరి శ్రమ వృథా అవుతుంది కాబట్టి, కలిసి చేయవలసినవారు ఒకరికి తెలియకుండా మరొకరు పనిచేయడం మొదలుపెడతారు. జిగ్ బృందం బౌంటీలను బాహాటంగా వ్యతిరేకించడానికి ఇవే ముఖ్య కారణాలు, నాకు కూడా అవి సమంజసంగానే తోస్తాయి.

జిగ్ చరిత్రనే చూడండి. దాన్ని ప్రారంభించిన ఆండ్రూ కెల్లీ 2018లో ఉద్యోగం మానుకుని, నెలనెలా అభిమానులు పంపే చిన్న మొత్తాలపై ఆధారపడి పూర్తికాలం దానికే కేటాయించారు. 2020లో జిగ్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత బృందం చేపట్టిన అతి పెద్ద పని, సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న కంపైలర్‌ను పక్కనబెట్టి జిగ్‌లోనే తిరిగి రాయడం. 2022 అక్టోబరు చివర విడుదలైన 0.10.0 వెర్షన్‌తో కొత్త కంపైలర్ వాడుకలోకి వచ్చింది. ఇంత శ్రమకూ వాడుకరులకు పైకి కనిపించిన లాభం తక్కువే. అంతేకాదు, పాత కంపైలర్‌లో ఉన్న అసింక్ (ఒక పని పూర్తయ్యేదాకా ఆగకుండా మరో పని సాగించే) సదుపాయం కొత్తదానిలో లేకుండా పోయింది. పునాది తవ్వి మళ్ళీ కట్టే ఇలాంటి పనికి ఎవరైనా బౌంటీ ప్రకటిస్తారా? అసింక్ మీదైతే బౌంటీలు కుప్పలుగా పడి ఉండేవి. నెలవారీ విరాళం సదుపాయాన్ని కాక మనిషి సమయాన్ని కొంటుంది కనుకనే ఆ తిరగరాత సాధ్యమైంది.

ఇందులో లోటు లేదని కాదు. జిగ్ ఇప్పటికీ 1.0 స్థాయికి, అంటే భాష స్థిరపడిందని చెప్పే వెర్షన్‌కు, చేరలేదు. ఎప్పుడు చేరుతుందో దాతలు అడగవచ్చు గాని శాసించలేరు. పెద్ద దాతలపై ఆధారపడటమూ పెరుగుతోంది: హాషికార్ప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ సహవ్యవస్థాపకుడు మిచెల్ హాషిమోటో కుటుంబం 2024లో 3 లక్షల డాలర్లు, టైగర్‌బీటిల్, సినాడియా అనే సాఫ్ట్‌వేర్ సంస్థలు కలిసి 2025లో రెండేళ్ళకు 5,12,000 డాలర్లు ఇస్తామని ప్రకటించాయి. అంత ఇచ్చేవారు ఒక్కరు తప్పుకున్నా బృందంలో జీతాలకు కటకట ఏర్పడుతుంది కనుక, మీవంటివారి వెయ్యి రూపాయలకు విలువ ఉంది.

సొమ్ము ఎవరి చేతుల మీదుగా వెళుతుందో కూడా చూసుకోండి. బౌంటీసోర్స్ అనే మధ్యవర్తి వేదిక, రెండేళ్ళు దాటినా ఎవరూ అందుకోని బౌంటీలను తానే ఉంచుకుంటానని 2020లో నిబంధన మార్చి, గగ్గోలు పుట్టాక వెనక్కు తీసుకుంది. 2023 నాటికి పనిచేసినవారికి చెల్లింపులు అందడం లేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వీలైతే నేరుగా సంస్థకే పంపడం మంచిది.

మన కార్డులతో ఇంకో చిక్కుంది. నెలనెలా దానంతటదే జరిగే చెల్లింపులపై రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి కొత్త నియమాలు అమలు చేయడంతో, వాటికి అనుగుణంగా ఏర్పాట్లు చేసుకోని విదేశీ వెబ్‌సైట్లలో అలాంటి చెల్లింపు తిరస్కారానికి గురవుతుంది. అప్పుడు ఏడాదికి ఒకసారి 12,000 రూపాయలు పంపడమే తేలిక. అమెరికా సంస్థకిచ్చే ఈ విరాళానికి మన దేశంలో విరాళాలపై దొరికే పన్ను మినహాయింపు వర్తించదన్నదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా ఒక చిన్న భాషకు కంపైలర్ రాస్తున్నాను. నేను కూడా విరాళాలు సేకరించవచ్చా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: సేకరించవచ్చు గాని, ఇప్పుడే ఆశించకండి. కెల్లీ కూడా ఉద్యోగం చేసుకుంటూనే కొన్నేళ్ళు జిగ్ రాశారు. ఆ భాషను నమ్ముకుని పనిచేసేవారు కొందరు తయారయ్యాకే విరాళాలు నిలదొక్కుకున్నాయి. మన దేశంలో షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఏడాదికి 10 లక్షల డాలర్లతో, ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, వాడి, మార్చుకోగల) సాఫ్ట్‌వేర్‌కు నిధులిచ్చే ఫ్లాస్ ఫండ్ ప్రారంభించి, ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల వరకు ఇస్తోంది. అది కూడా ఇప్పటికే విస్తృతంగా వాడుకలో ఉన్నవాటినే చూస్తుంది. మీరు ముందుగా కోడ్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటపెట్టి, మీ తరగతిలో ఇద్దరు ముగ్గురి చేతైనా దానితో ఒక ప్రోగ్రాము రాయించండి.