ముందు పొడి, తర్వాతే తడి

తమ్ముడూ,

కారు లోపలి ప్లాస్టిక్ మీద కుక్క చేసిన మురికిని ఎలా తుడవాలో రాసిన నీ వ్యాసం నిన్న రాత్రి తీశాను. మూడో వాక్యం దగ్గరే నా చదువు ఆగిపోయింది. "కుక్క చేసిన మరకల మీద క్లీనర్ చల్లి, గుడ్డతో గట్టిగా రుద్దితే ప్లాస్టిక్ కొత్తదానిలా మెరుస్తుంది" అని రాశావు. చల్లడం తప్పు, రుద్దడం ఇంకా తప్పు, మెరవాలని కోరుకోవడమే అసలు తప్పు. శీర్షిక ఎలా ఉందని అడిగావు. ఆ వాక్యం అక్కడ ఉండగా శీర్షిక గురించి మాట్లాడలేను.

కుక్క కాళ్ల నుంచి డోర్ ప్యానెల్‌కి, అంటే కారు తలుపు లోపలివైపు ప్లాస్టిక్ పలకకి, అంటేది బురద. బురదలో సన్నటి ఇసుక ఉంటుంది. ఇసుక రేణువు ప్లాస్టిక్ కంటే ఎన్నో రెట్లు గట్టిది. దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. తడి గుడ్డయితే మట్టి మళ్లీ బురదై, ప్లాస్టిక్ మీద తోలులా కనిపించే ఆ సన్నటి గాడుల్లోకి దిగి కూర్చుంటుంది. అందుకే 30 ఏళ్లుగా ఒకటే మాట రాస్తున్నాను: ముందు పొడి పని, తర్వాతే తడి పని. బురదని పూర్తిగా ఎండనీ. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి రాలుస్తూ, రాలింది రాలినట్టే వాక్యూమ్ గొట్టంతో లాగేయి. స్థిర విద్యుత్తు వల్ల అతుక్కున్న బొచ్చుని, కాస్త తడిపిన రబ్బరు తొడుగు వేసుకుని నిమురు, ఉండలు కట్టి వచ్చేస్తుంది. అప్పటిదాకా క్లీనర్ సీసా మూత తీయకూడదు.

నా పట్టుదలకి కారణం ఉంది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఇదే విషయం మీద ఒక పత్రికకి వ్యాసం పంపాను. "ఎండనివ్వండి, బ్రష్‌తో దులపండి" అన్న రెండు వాక్యాలూ చోటు చాలలేదని సంపాదకుడు కోసేశాడు. ఇక మిగిలింది తడి గుడ్డే. నెల తిరక్కుండా ఒకావిడ ఉత్తరం రాసింది, మీరు చెప్పినట్టే చేశాను, తలుపు నిండా గీతలు పడ్డాయి అని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. సంపాదకుణ్ణి నిలదీస్తే "పాఠకులకి ఓపిక ఉండదండీ" అన్నాడు. గంటసేపు కూర్చుని తలుపు తుడిచిన మనిషికి రెండు వాక్యాలు చదివే ఓపిక లేదంటే నేనెలా నమ్మను? ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

క్లీనర్‌ని గుడ్డ మీద చల్లుకోవాలి, ప్యానెల్ మీద కాదు. అక్కడ కిటికీల స్విచ్‌లున్నాయి, లోపలికి నీళ్లు దిగుతాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ఉండే ఎసిటోన్ మాట ఎత్తనే వద్దు, కారు లోపల వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌ని అది కరిగించేస్తుంది. చివర్లో మంచి నీళ్లలో పిండిన గుడ్డతో మరోసారి తుడవమని తప్పకుండా రాయి. ఎందుకంటే గంట తర్వాత అదే కుక్క వచ్చి అదే చోట నాకుతుంది. నీ వ్యాసంలో కుక్క మొదటి పేరాలో మురికి చేసి మాయమైపోయింది. అది నీ కళ్ల ముందే ఉండుంటే, సువాసన కోసం టీ ట్రీ నూనె కలపమని రాసేవాడివి కాదు. ఆ నూనె కుక్కలకి విషం.

ఇక ఆ మెరుపు. ఇప్పుడు ఎవరు రాసినా ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో, రెండోదాంట్లో డాష్‌బోర్డు అద్దంలా ఉండాలి. సిలికాన్ పాలిష్ పూస్తే ఎవరి డాష్‌బోర్డయినా అలాగే ఉంటుంది. ఎండలో ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిఫలించి దారి కనపడనివ్వదు. శుభ్రమైన ప్లాస్టిక్ మెరవదు తమ్ముడూ, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా మసకగా ఉంటుంది.

చివరి పేజీలో బ్రాకెట్లలో ఒక వాక్యం దాచావు. తలుపు పిడి కింద గాడిలో చొంగ కారి గట్టిపడితే, గోరువెచ్చటి తడి గుడ్డని 5 నిమిషాలు కప్పి ఉంచి, అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి తీశానన్నావు. మొత్తం వ్యాసంలో నీ చేతులు కనిపించింది అక్కడే. చొంగలో ఉండేది ప్రోటీన్, ఆరితే పొరలా బిగుసుకుంటుంది, నానితే తనంతట తనే వదులవుతుంది. రుద్దక్కర్లేదని నీ చేతులకి తెలుసు, నీ మూడో వాక్యానికి తెలియలేదు. ఆ బ్రాకెట్లు తీసేసి వ్యాసాన్ని అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

గోళ్ల గీతల గురించి ఒక్క ముక్కా లేదు. అవి మురికి కాదు, తుడిస్తే పోవు. ఆ సంగతి తెలియక జనం మెలమైన్ స్పాంజ్, అంటే మరకలు చెరిపే ఆ తెల్లటి నురుగు ముక్క, పట్టుకుని రుద్దుతారు. అది కూడా గరుకు కాగితం జాతే, గీత పోకపోగా చుట్టూ నున్నటి బోడి మచ్చ తేలుతుంది. ముందే తలుపుకి మందపాటి గుడ్డ వేలాడదీయమని చెప్పు.

తిరగరాసి పంపు. ఈసారి కుక్క పేరు కూడా రాయి. నాలుగు పేజీల్లో ఎక్కడా చెప్పలేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య