రోజుకు ఒక దిక్కే: విశాఖ నుంచి వేసవి కారు ప్రయాణాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మే నెలలో ఒక శని, ఆదివారాలు కారులో తిరగాలనుకుంటున్నాం. పిల్లలకు తొమ్మిదేళ్లు, పదమూడేళ్లు. అరకు, బొర్రా అయిపోయాయి. పార్కులూ రిసార్టులూ వద్దు, పిల్లలు ఆశ్చర్యపోయేవి కావాలి. రాత్రికి ఇల్లు చేరాలి. ఎండంటే భయంగా ఉంది. ఎలా వేసుకోమంటారు? (ఒక పాఠకురాలు, మధురవాడ)

జవాబు: ఎండను బట్టే ప్లాను వేసుకోండి, సగం ఇబ్బంది తప్పుతుంది. తెల్లవారుజామున కొండలూ రాళ్లూ, మధ్యాహ్నం పైకప్పు ఉన్న చోటు, సాయంత్రం సముద్రం. ఈ వరుస తిరగబడితే ఎంత మంచి చోటైనా పిల్లలు కారు దిగరు. ఇంకొకటి, రోజుకు ఒక దిక్కే. ఉదయం అనకాపల్లి, మధ్యాహ్నం భీమిలి అనుకుంటే రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది.

శనివారం దక్షిణం వైపు వెళ్లండి. మధురవాడ నుంచి ఊళ్లోకి రావద్దు. ఆనందపురం వెళ్లి, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల రోడ్డు పట్టుకుంటే ఎన్‌ఏడీ కూడలి, గాజువాక రద్దీ తగలదు. ఐదింటికి బయలుదేరండి. మేలో మన దగ్గర ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు. అనకాపల్లికి మూడు కిలోమీటర్ల దూరంలో శంకరం ఊరి పక్కన బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. గేటు ఎన్నింటికి తెరుస్తారో ముందు రోజే కనుక్కుని, తెరిచే వేళకు అక్కడ ఉండండి. తూర్పున ఉన్న బొజ్జన్నకొండలో రాతిని తొలిచిన గుహలు, బుద్ధుడి శిల్పాలు, పైన ఇటుక కట్టడాల పునాదులు కనిపిస్తాయి. ఎక్కువ మంది అక్కడితో వెనక్కి తిరిగిపోతారు. పడమటి వైపు లింగాలకొండ ఎక్కకుండా రావద్దు. కొండ రాతినే చెక్కి తీర్చిన ఏకశిలా స్తూపాలు చిన్నవీ పెద్దవీ వరుసలు వరుసలుగా ఉంటాయి. పిల్లల్ని లెక్కపెట్టమనండి, ఒకరి లెక్క ఇంకొకరికి కలవదు. 1906లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. రెండు కొండలూ చూడటానికి గంటన్నర చాలు. తొమ్మిది దాటితే రాయి కాలడం మొదలవుతుంది, నీడా తక్కువే. అందుకే టిఫిన్‌ను కొండ దిగాక పెట్టుకోండి.

అక్కడి నుంచి జాతీయ రహదారి మీద యలమంచిలి దాటి, అడ్డరోడ్డు దగ్గర అడిగి లోపలికి తిరిగితే ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న లక్క బొమ్మల ఊరు. పదకొండు నుంచి రెండు వరకు ఇక్కడే గడపండి, పని నీడలోనే జరుగుతుంది. అంకుడు కర్రను ఆరబెట్టి, తరుగుడు యంత్రానికి బిగించి ఉలితో ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. బ్రష్షూ లేదు, పెయింటు డబ్బా లేదు. చివర మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఈ ఒక్కటి కళ్లారా చూస్తే ఇంట్లో ఉన్న బొమ్మను పిల్లలు ఇంకోలా చూస్తారు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు వాడటం ఈ ఊరి ప్రత్యేకత. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు బేరానికి దిగే ముందు ఒక బొమ్మకు ఎంతసేపు పట్టిందో చూడండి.

ఆదివారం ఉత్తర తీరం. ఐదున్నరకల్లా ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఉండాలి. తర్వాత భీమిలిలో డచ్చివారి సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. ఎనిమిదిన్నరకు టిఫిన్. తిరుగు దారిలో తొట్లకొండను ఎండ ముదరకముందే చూడండి. రాతిలో తొలిచిన నీటి తొట్లు, విహారాల గదుల పునాదులు, కింద కనుచూపు మేర సముద్రం. మధ్యాహ్నం ఇంట్లో పడుకుని, నాలుగు తర్వాత బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి, విశాఖ మ్యూజియం చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన 250 పౌన్ల బాంబును నిర్వీర్యం చేసి ఆ మ్యూజియంలో ఉంచారు. ఊళ్లోనే ఉండి దాన్ని చూడనివాళ్లు చాలామంది.

తాగడానికి మనిషికి మూడు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. విశాఖలో ఉష్ణోగ్రత అంకె తక్కువగా కనిపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అనకాపల్లి దాటితే ఎండ వేడే ఎక్కువ. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపితే చిక్కదనం పెరిగి మేలు కంటే కీడు చేస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ, చోడి అంబలి ఫ్లాస్కులో పట్టుకెళితే ఇంకా మంచిది. దారిలో తాటి ముంజలు దొరికితే మీ కళ్ల ముందు కొట్టించుకోండి, ముందే తీసి ఆకులో పెట్టినవి వద్దు.

ప్రశ్న: పోయిన వేసవిలో ఏటికొప్పాక బొమ్మలు కొని కారులో పెట్టాం. ఇంటికొచ్చి చూస్తే చుట్టిన న్యూస్‌పేపరు బొమ్మలకు అంటుకుపోయింది, అక్షరాలు అచ్చుపడ్డాయి. నాసిరకం అంటగట్టారా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: తప్పు బొమ్మలది కాదు, కారుది. పైన చెప్పినట్టు లక్క వేడికి మెత్తబడే పదార్థం, ఆ గుణం వల్లే అది కర్రకు ఎక్కుతుంది. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో డాష్‌బోర్డు, వెనక అద్దం కింది పలక లక్క మెత్తబడేంతగా కాలిపోతాయి. దానికి కాగితం తగిలితే సిరా దిగిపోతుంది, ప్లాస్టిక్ తగిలితే ఇంకా గట్టిగా పడుతుంది. పాత కాటన్ గుడ్డలో విడివిడిగా చుట్టి, సీటు కింద నేల మీద పెట్టండి. భోజనానికి ఆగినప్పుడు సంచి మీతో తీసుకెళ్లండి. అంటుకున్న కాగితాన్ని గోటితో గీకవద్దు, లక్క పొర లేచిపోతుంది. పొడి గుడ్డతో మెల్లగా రుద్దండి. నీళ్లలో నానబెట్టవద్దు, లోపలి కర్ర ఉబ్బి పగులుతుంది.

ఈ మాట బొబ్బిలి వీణకూ వర్తిస్తుంది. దాని మెట్లు, అంటే తీగల కింది అడ్డ పట్టీలు, నిలబడేది మైనం మీద. ఎండలో కారులో వదిలితే మైనం జారి మెట్లు కదులుతాయి, స్వరం తప్పుతుంది. బహుమతిగా అమ్మే బుల్లి వీణలను కూడా నీడలోనే తేవాలి.

ప్రశ్న: ఒకే రోజులో బొబ్బిలి వీణల తయారీ, పొందూరు ఖాదీ రెండూ చూడొచ్చా? ఏ రోజు వెళ్లాలి? (ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం)

జవాబు: చూడొచ్చు, కానీ ఆదివారం వద్దు. పని జరుగుతుంటేనే ఈ రెండు చోట్లకూ వెళ్లడంలో అర్థం ఉంది. శనివారం పెట్టుకుని, పని ఉందో లేదో ముందు రోజు ఫోనులో కనుక్కోండి.

విజయనగరం మీదుగా బొబ్బిలి సుమారు 110 కిలోమీటర్లు. వీణలు చేసేది పక్కనున్న గొల్లపల్లిలో. పనస దుంగను ఒకే ముక్కగా తీసుకుని కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) కలిపి తొలుస్తారు. అతుకు లేకపోవడమే దీని గొప్ప. తొలిచిన గోడ మందం ఎక్కువైతే నాదం మూగబోతుంది, తక్కువైతే చెక్క పగులుతుంది. అందుకే పనివాళ్లు మధ్యమధ్యలో వేలితో తట్టి వింటుంటారు. ఆ చప్పుడు మారడం మీరూ చెవి పెట్టి వినండి.

అక్కడి నుంచి రాజాం మీదుగా పొందూరు. గింజ తీయకముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చేప పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి నలుసూ పొట్టూ రాలిపోయి, పోగులు తెగకుండా ఒక వరుసలోకి వస్తాయి. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నని నూలు, తీయాలంటే పత్తి అంత శుభ్రపడాలి. దేశంలో ఇంకెక్కడా తేలికగా కనిపించని పని ఇది. మనకు ఇంత దగ్గర్లో ఉండి మనమే చూడకపోతే ఎలా? దువ్వడం, వడకడం ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. కాబట్టి ముందు ఖాదీ సంఘం భవనంలో అడిగి, వాళ్లు చూపిన ఇంటికే వెళ్లండి. ఫొటో తీసే ముందు అడగండి. చూసినందుకు మీటరు గుడ్డయినా కొనండి. తిరుగు ప్రయాణం చిలకపాలెం దగ్గర జాతీయ రహదారి ఎక్కి నేరుగా విశాఖకు.

ప్రశ్న: అరకు నుంచి ఘాట్ దిగుతుంటే చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది, బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. కారు ఆపి నీళ్లు పోశాం. మెకానిక్ అంతా బాగుందంటున్నాడు. మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. (ఒక పాఠకుడు, పెందుర్తి)

జవాబు: వాసన ప్యాడ్లది, పెడల్ మెత్తబడటం బ్రేకు ఆయిల్‌ది. కిలోమీటర్ల కొద్దీ పెడల్ మీద కాలు ఆనించి దిగితే ప్యాడ్లూ డిస్కులూ కాలిపోయి పట్టు తగ్గుతుంది. ఆ వేడి ఆయిల్‌కు చేరి అది మరిగితే లోపల బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతుంది. మీ కాలి బలమంతా బుడగలే తినేస్తాయి. చల్లబడ్డాక బుడగలు పోతాయి కాబట్టి మెకానిక్‌కు ఏమీ కనిపించదు. అయితే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మనలాంటి సముద్రపు ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. మార్చి రెండేళ్లు దాటితే, కారు ఎంత తక్కువ తిరిగినా, ఘాట్ ఎక్కే ముందు మార్పించండి. డబ్బా మూత మీద రాసిన గ్రేడే పోయించాలి.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. రెండో గేరులో ఎక్కిన వంపును రెండో గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ అయితే ‘డి’లో వదిలేయకుండా ‘ఎల్’ లేదా మాన్యువల్ పెట్టుకోండి. న్యూట్రల్‌లో దొర్లించడం ప్రాణాంతకం. బ్రేకును గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదలండి. ఆ వదిలిన కాసేపట్లోనే డిస్కుకు గాలి తగులుతుంది.

వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి, గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి అరగంట ఆగండి. కాలుతున్న బ్రేకుకు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే అతుక్కుపోవచ్చు. నీళ్లు మాత్రం పోయకూడదు, ఒక్కసారిగా చల్లబడితే డిస్కు వంకరపోతుంది లేదా పగులుతుంది. మీరు ఒకసారి పోశారు కాబట్టి, బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణుకుతుందేమో చూసుకోండి. వణికితే డిస్కులను కొలిపించండి.

ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపేసి, గేరు తగ్గించండి. అప్పటికీ దిగకపోతే కారు ఆపండి. రేడియేటర్ మూత వేడి మీద తిప్పవద్దు, మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. టైర్ల గాలి డోరు పక్కన స్టిక్కరు చెప్పినంతే ఉండాలి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. రోడ్డు మీద వేడెక్కాక అంకె పెరగడం సహజం, అప్పుడు గాలి తీసేస్తే సాయంత్రానికి టైరు దిగిపోయి పక్కలు ఇంకా వేడెక్కుతాయి. పెట్రోలు ఎస్.కోటలోనే నింపుకోండి. అక్షయ తృతీయ నాడు మాత్రం అడవివరం వైపు రావద్దు. సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనానికి వచ్చే జనంతో ఆ రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల్లో దారి తప్పుతామంటారు, నిజమేనా? మంగమారిపేట రాతి తోరణం ఎప్పుడు చూడాలి? (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: నిజమే. వాన నీరు కోసిన గండ్లు ఒకదానిలోంచి ఒకటి చీలుతూ పోతాయి, గోడలన్నీ ఒకే ఎరుపు. దిగిన చోటును ఫోనులో గుర్తుపెట్టుకుని, చీలిక వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకోండి. ఆ ఎరుపు ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు పూత. రేణువుల్ని పట్టి ఉంచే బంధం బలహీనం, గోడ ఎక్కితే పెళ్లలు ఊడి మీద పడతాయి. వేసవిలో మధ్యాహ్నం తర్వాత ఉరుముల వాన రావచ్చు, మబ్బు పట్టగానే గండిలోంచి బయటికి వచ్చేయండి. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించిన చోటు ఇది. పిల్లలు సీసాలో మట్టి నింపుకుంటామంటే ఒప్పుకోకండి.

తోరణానికి సముద్రం పాటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గి, ఉండాలి. రోజుకు రెండు పాట్లు వస్తాయి, మర్నాటికి అదే పాటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు ఎక్కువ వెనక్కి పోతుంది, రాయి దగ్గరికి నడవొచ్చు. వెళ్లే రోజు వేళను అక్కడి మత్స్యకారులను అడగండి. పాటు తిరగడానికి గంట ముందే వెళ్లి, పోటు మొదలవగానే వచ్చేయండి. తోరణం కింద నిలబడవద్దు, ఆ నీళ్లలో ఈతకు దిగవద్దు.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. కుర్సురా లోపలికి వెళ్లగలరా? (ఒక పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: కష్టం. 91 మీటర్ల పొడవున ఏడు విభాగాలు, ఒకదాని నుంచి ఇంకోదానికి గుండ్రటి ఇరుకు ద్వారంలోంచి ఒంగి, కాలు ఎత్తి దాటాలి. మధ్యలో ఆగితే వెనకవాళ్లు కదలలేరు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారిన ఓడ ఇది. అమ్మగారిని బయటి నుంచే చూపించి, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం ఆవరణలో కూర్చోబెట్టండి. సోమవారం కుర్సురాకు సెలవు.

ప్రశ్న: మేలో కొండకర్ల ఆవ అనే సరస్సుకు పక్షుల కోసం వెళ్లొచ్చా? (ఒక పాఠకుడు, అచ్యుతాపురం)

జవాబు: వలస పక్షులు ఉండవు, నీరూ తగ్గిపోయి ఉంటుంది. తాటి దోనెలో తిరుగుతూ పక్షుల్ని చూడాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం ఏడు లోపు వెళ్లండి.